నార్‌ఫోక్ నుంచి మయామీ దాకా పడవలో: మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా తూర్పు తీరం వెంబడి సాగే ఇంట్రాకోస్టల్ వాటర్‌వే గురించి కిందటి సంచికలో రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఇంజిన్ల గురించి, మ్యాపుల గురించి అడిగినవాళ్లు తక్కువే. ఎక్కువ మంది అడిగింది దారిలో కలిసే మిగతా పడవల వాళ్లతో ఎలా మెలగాలని. నా ఉద్దేశంలో ముందు తెలుసుకోవాల్సింది కూడా అదే, అందుకే వాటికి ఎక్కువ చోటిచ్చాను.

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ నార్త్ కరొలైనాలో ఉంటారు. స్నేహితుల పడవలో మమ్మల్నిద్దరినీ ఫ్లోరిడా తీసుకెళ్తామంటున్నారు. సముద్రంలోకి వెళ్లకుండా అంతదూరం ఎలా వెళ్తారు? మన బకింగ్‌హాం కాలువలాంటిదా? మాకు అరవై దాటాయి, తట్టుకోగలమా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ఒంగోలు వారు కాబట్టి మీకు చెప్పడం తేలిక. సముద్రానికి కాస్త లోపలగా, తీరం వెంబడే, ఉప్పుటేళ్లనూ పులికాట్ సరస్సునూ కలుపుకుంటూ పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు మన కాలువ ఉంది కదా, ఇక్కడా అదే పద్ధతి. నదులు, ఉప్పుటేళ్లు, సౌండ్లు అని పిలిచే పెద్ద పెద్ద జలాశయాలు, వాటిని కలుపుతూ తవ్విన కాలువలు. వర్జీనియాలో నార్‌ఫోక్ దగ్గర సున్నా మైలు మొదలై మయామీకి దాదాపు 1,090 మైళ్లు, కీ వెస్ట్ దాకా పోతే 1,240 పైచిలుకు. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్లు పూడిక తీయిస్తుంటారు. ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగులు, అక్కణ్ణుంచి మయామీ దాకా 10 అడుగుల లోతు ఉండాలని లెక్క, అయితే మొగల దగ్గర ఇసుక మేట వేసి చాలాచోట్ల అంత ఉండదు.

1942లో కరొలైనా తీరంలో జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడల్ని ముంచుతుంటే బార్జీలు ఈ లోపలి దారినే నడిచాయి. ఇప్పుడు బార్జీలు తక్కువ, సరదాగా తిరిగే పడవలే ఎక్కువ. మన కాలువలో ఒకప్పుడు ఉప్పు, వంటచెరకు, బియ్యం మోసిన పడవలు రోడ్లూ రైళ్లూ వచ్చాక తగ్గిపోయాయి, 1960లలో వచ్చిన తుఫాన్లు మిగిలింది పాడుచేశాయి. 2008లో దాన్ని జాతీయ జలమార్గం 4లో చేర్చారు. ఇక్కడి కాలువలో వెళ్తున్నప్పుడల్లా నాకు మన కాలువే గుర్తొస్తుంది, అది మళ్లీ నిండా నీళ్లతో, నిండా పడవలతో కనిపించాలని నిజంగా కోరుకుంటాను.

ఆరోగ్యం మాటకొస్తే, దారి చాలావరకు నిలకడగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టేవి కొన్ని చోట్లు: నార్త్ కరొలైనాలో ఆల్బెమార్ల్ సౌండ్, జార్జియాలో సెయింట్ ఆండ్రూ సౌండ్. ఆల్బెమార్ల్ వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, అందుకని గాలి కాస్త లేచిందంటే చాలు అలలు పొట్టిగా, నిలువుగా, ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా వచ్చి పడవను కుదిపేస్తాయి. గాలి తగ్గేదాకా ఒక రోజు ఆగుదామని మీరే చెప్పండి, పెద్దవాళ్ల మాట ఎవరూ కాదనరు.

ప్రశ్న: మావారు పడవ నడుపుతారు, రేడియో బాధ్యత నాకిచ్చారు. మైకు పట్టుకుంటే నోరు పెగలడం లేదు. నా యాసకు నవ్వుతారేమోనని టెన్షన్. ఏం మాట్లాడాలి? (ఒక పాఠకురాలు, షార్లెట్)

జవాబు: ఎవరూ నవ్వరండి. ఆ దారిలో క్యూబెక్ నుంచి వచ్చిన ఫ్రెంచి యాసలు, టెక్సాస్ సాగదీతలు అన్నీ వినిపిస్తాయి. అవతలివాళ్లకు కావాల్సినవి మూడే: ఎవర్ని పిలుస్తున్నారు, మీరెవరు, మీకేం కావాలి. ముందు ఒక రోజంతా 16వ ఛానెల్ పెట్టుకుని ఊరికే వినండి, సగం భయం పోతుంది.

పడవను పిలవాలంటే 16లో పిలిచి, జవాబు రాగానే 68కో 72కో మారాలి. 16లో కబుర్లు చెప్పకూడదు, అది ఆపదలో ఉన్నవాళ్ల కోసం. పడవలు దాటడానికి తెరిచే వంతెనలకు వేరే ఛానెళ్లు: వర్జీనియా, నార్త్ కరొలైనాల్లో 13, సౌత్ కరొలైనా నుంచి కిందికి 9. వంతెన పేరు ముందు చెప్పడం మర్చిపోవద్దు, ఎందుకంటే ఒకే ఛానెల్లో మూడు వంతెనల వాళ్లు వింటుంటారు. "గ్రేట్ బ్రిడ్జ్ బ్రిడ్జ్, దిస్ ఈజ్ మోటార్ వెసెల్..." అని (గ్రేట్ బ్రిడ్జ్ అనేది చోటి పేరు) మీ పడవ పేరు చెప్పి, "సౌత్‌బౌండ్, రిక్వెస్టింగ్ యువర్ నెక్స్ట్ ఓపెనింగ్" అంటే సరిపోతుంది. ఈ వాక్యాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మైకు పక్కన అతికించుకోండి. దాటాక థాంక్స్ చెప్పి, మేం దాటేశాం అని ఒక మాట అంటే వంతెన మీది ఆయన వెంటనే గేటు మూసి కార్లను వదులుతారు. ఇంకోటి, మడవగలిగిన యాంటెనా మడిస్తే వంతెన కింద పట్టే పడవైతే వంతెన తెరవమని అడగకూడదు, మడిచే వెళ్లాలి. అది నిబంధన.

ప్రశ్న: మాది 34 అడుగుల నెమ్మదిపాటి ట్రాలర్ (చేపల పడవ ఆకారంలో ఉండే షికారు పడవ). వెనక నుంచి ఒక పెద్ద స్పోర్ట్‌ఫిషర్ (వేగంగా పోయే చేపల వేట పడవ) జోరుగా వచ్చి పక్కనుంచి వెళ్లిపోయింది. పడవ పక్కకు ఒరిగి వంటగదిలో గిన్నెలన్నీ కింద పడ్డాయి, మా అత్తగారి మోచేయి కమిలిపోయింది. ఇలాంటివాళ్లను ఏం చేయాలి? (ఒక పాఠకుడు, జాక్సన్‌విల్)

జవాబు: అత్తగారికి తగ్గిందని ఆశిస్తున్నాను. చట్టప్రకారం ఎవరి పడవ లేపిన అల వల్ల నష్టం జరిగితే దానికి బాధ్యత వాళ్లదే. పడవ పేరూ, ఊరూ వెనక పలక మీద రాసి ఉంటాయి, ఫొటో తీసి ఉంచుకోవచ్చు. కానీ ఇలాంటి గొడవల్లో చాలావాటికి కారణం దురుసుతనం కన్నా ఇద్దరి మధ్య మాట లేకపోవడమేనని నా అనుభవం. దీనికి స్లో పాస్ అని ఒక మర్యాద ఉంది. అందులో సగం పని మీది, అది చాలామందికి తెలియదు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మీరు 7 నాట్లలో (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం) వెళ్తున్నారనుకోండి. వెనకవాడు మిమ్మల్ని దాటాలంటే కనీసం 9, 10 నాట్లు వెళ్లాలి. 20 నాట్లలో పోయేలా చేసిన పడవకు అదే అన్నిటికన్నా చెడ్డ వేగం, నీటి మీదికి ఎక్కీ ఎక్కక, అమరం (పడవ వెనక భాగం) కిందికి దిగబడి, అణియం (ముందు భాగం) పైకి లేచి, కొండంత అలను లాక్కుంటూ వస్తుంది. పాపం ఆయన తగ్గించాననే అనుకుంటాడు, మీ గిన్నెలు మాత్రం కింద పడతాయి. కాబట్టి ఆయన దగ్గరికి రాగానే మీరు వేగం బాగా తగ్గించేయాలి, 3 నాట్లకో అంతకన్నా కిందికో. అప్పుడు ఆయన 5, 6 నాట్లలో అల లేకుండా దాటిపోగలడు. ఆయన కూడా మీ వెనక చాలా దూరంలోనే పూర్తిగా తగ్గించాలి, లేకపోతే తాను అప్పటిదాకా లేపిన అలే వెనకనుంచి వచ్చి ఇద్దర్నీ కుదుపుతుంది. ఆయన అమరం మీ అణియాన్ని దాటగానే మీరు మెల్లగా ఆయన వెనక్కి తిప్పుకోండి, అక్కడ నీళ్లు నున్నగా ఉంటాయి. మీరు సర్దుకున్నాక ఆయన వేగం పెంచుకుంటాడు.

రేడియోలో వెనకవాడు ముందు పిలవాలి. పిలవకపోతే మీరే పిలవండి, "ఐ విల్ స్లో డౌన్ ఫర్ యూ, కమ్ ఆన్ బై" అనండి. ఏఐఎస్ (చుట్టుపక్కల పడవల్ని తెర మీద చూపే పరికరం) ఉంటే పేరు తెర మీదే కనిపిస్తుంది కాబట్టి పేరు పెట్టి పిలవచ్చు, పేరు పెట్టి పిలిస్తే పలకనివాళ్లు అరుదు. కొంతమంది "వన్ విజిల్", "టూ విజిల్" అంటారు, వెనకనుంచి దాటేటప్పుడు వన్ అంటే మీ కుడివైపు నుంచి, టూ అంటే ఎడమవైపు నుంచి వస్తున్నారని. ఆ రోజు సాయంత్రం ఆ పడవ మీ పక్కనే కట్టి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అది గుర్తుపెట్టుకుని మాట్లాడితే మీకూ మంచిది, వాళ్లకూ మంచిది.

ప్రశ్న: మెరీనాలో సాయంత్రం అందరూ గట్టు మీద చేరి డాక్‌టెయిల్స్ అంటారు, మమ్మల్నీ పిలిచారు. మేం శాకాహారులం, మందు ముట్టం. వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తూ పడవలోనే కూర్చుండిపోయాం. (ఒక పాఠకురాలు, రాలీ)

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీ గ్లాసులో ఏముందో ఎవరూ చూడరు, ఎవరు తాగేది వాళ్లు తెచ్చుకుంటారు, పంచుకోవడానికి ఒక పళ్లెం పట్టుకొస్తారు, అంతే. నిమ్మకాయ పులిహోర బాగా నడుస్తుంది, చల్లారినా రుచి పోదు, చెంచాతో తినొచ్చు. అందులో వేరుశనగపప్పు ఉందని ముందే చెప్పండి, ఇక్కడ చాలామందికి అది పడదు. బజ్జీలు కూడా ఎగబడి తింటారు కానీ కాగే నూనె పడవ కట్టేసి ఉన్నప్పుడే, అదీ మెరీనాలో చిన్న అలజడి కూడా లేనప్పుడే.

అక్కడికి వెళ్లడం సరదా కోసమే అనుకోకండి. మీరు రేపు వెళ్లబోయే దారిలో ఇవాళ వచ్చినవాళ్లు అక్కడ ఉంటారు. ఫలానా గుర్తు దగ్గర ఎర్రబోయాకు (నీళ్ల మీద తేలే దారి గుర్తుకు) ఆనుకుని పోతే 5 అడుగులే ఉంది, ఆకుపచ్చ వైపు జరిగితే 9 ఉందని వాళ్లు చెప్తే ఆ సమాచారం ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎందుకంటే కిందటి వారం తుఫాను గాలికి ఇసుక కదిలి ఉంటుంది. ఫోన్లో మ్యాపు తెరిచి పట్టుకెళ్లండి, వాళ్లు వేలితో చూపిస్తారు, మీరు గుర్తు పెట్టుకోవచ్చు.

బోట్ కార్డులు అచ్చు వేయించుకోండి. పడవ పేరు, దాని ఫొటో, మీ పేర్లు, ఫోను, ఈమెయిల్. ఇక్కడ మనుషుల పేర్లు మర్చిపోతారు, పడవ పేరు మర్చిపోరు. ఎవరైనా కార్డు ఇస్తే వెనక ఎక్కడ కలిశారో రాసిపెట్టుకోండి. అణియం దగ్గర చిన్న త్రికోణపు జెండా ఉన్న పడవలు కనిపిస్తాయి, తెల్లదైతే గ్రేట్ లూప్ చేస్తున్నవాళ్లు, బంగారు రంగైతే పూర్తి చేసినవాళ్లు. గ్రేట్ లూప్ అంటే తూర్పు తీరం, హడ్సన్, గ్రేట్ లేక్స్, మిసిసిపీ వైపు నదులు, గల్ఫ్ అన్నీ చుట్టి దాదాపు 6,000 మైళ్లు. బంగారు జెండా వాళ్లను ఏదైనా అడగండి, ఓపిగ్గా చెప్తారు.

ఇంకో పని కూడా పరిచయాన్ని పెంచుతుంది: పక్క స్లిప్పులోకి (పడవ కట్టే చోటులోకి) ఎవరైనా వస్తుంటే లేచి వెళ్లి తాడు అందుకోండి. అందుకుని మాత్రం లాగకండి. కొత్తవాళ్లు ఉత్సాహంగా ముందు తాడు గట్టిగా గుంజుతారు, దాంతో అణియం గట్టుకు కొట్టుకుంటుంది, వెనక భాగం బయటికి తిరిగిపోతుంది. నడిపేవారు ఎక్కడ చుట్టమంటే అక్కడ చుట్టి ఊరుకోవాలి. పిలవకుండా ఎవరి పడవా ఎక్కకూడదు, గట్టు మీద నిలబడి పడవ పేరు పెట్టి పిలవాలి. పిలిచాక చెప్పులు విప్పే ఎక్కాలి, ఇది మనకు కొత్తేం కాదు.

ప్రశ్న: నార్‌ఫోక్ నుంచి దక్షిణానికి రెండు దారులున్నాయట, డిస్మల్ స్వాంప్ ఒకటి, వర్జీనియా కట్ ఒకటి. ఏది మంచిది? (ఒక పాఠకుడు, రిచ్‌మండ్)

జవాబు: తొందరగా పోవాలంటే, పడవ లోతు ఎక్కువైతే, వర్జీనియా కట్. అక్కడ ఒకటే లాకు, గ్రేట్ బ్రిడ్జ్ దగ్గర, 600 అడుగుల పొడవు, నీటిమట్టం తేడా రెండు మూడు అడుగులే. తీరిక ఉంటే మాత్రం డిస్మల్ స్వాంప్ వెళ్లండి, నాకు మొత్తం దారిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

ఆ కాలువను 1793లో తవ్వడం మొదలుపెట్టి 1805లో తెరిచారు. బురదలో, దోమల్లో నిలబడి తవ్వింది బానిసలుగా బతికిన నల్లజాతి మనుషులు. అదే చిత్తడి అడవిలోకి పారిపోయి తలదాచుకుని, తరాలపాటు స్వేచ్ఛగా బతికినవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి తెలుసుకుని ఆ కాలువలో వెళ్తే ఇంజిన్ చప్పుడు కూడా తగ్గించాలనిపిస్తుంది. నీళ్లు చెట్ల ఆకుల్లోంచి, బెరడులోంచి దిగిన కషాయంతో చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, పడవ అణియం మీద గోధుమరంగు మీసంలా మరక పడుతుంది. రెండు వైపులా లాకులు, డీప్ క్రీక్ దగ్గర ఎనిమిది అడుగులు పైకెక్కించి సౌత్ మిల్స్ దగ్గర దించుతారు. గోదావరి డెల్టాలో లాకుల దగ్గర పెరిగినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. లోపలికి వెళ్లాక తాడును చుట్టి చేతిలోనే పట్టుకోవాలి, ముడి వేయకూడదు, నీళ్లు దిగేటప్పుడు ముడిపడిన తాడుకు పడవ వేలాడిపోతుంది. నిర్ణీత వేళల్లోనే తెరుస్తారు, అప్పుడప్పుడు మరమ్మతులకో నీళ్లు చాలకో మూసేస్తారు కూడా, కాబట్టి ముందే కనుక్కోండి. మునిగి ఉన్న దుంగలు తగులుతాయి, నెమ్మదిగా వెళ్లాలి.

రాత్రికి నార్త్ కరొలైనా విజిటర్ సెంటర్ దగ్గర ఆగొచ్చు. గట్టు చిన్నది, పడవలు ఎక్కువైతే ఒకదానికొకటి ఆనించి వరసగా కట్టేస్తారు. అంటే మీ పడవ మీదుగా ఇతరులు నడిచి గట్టెక్కుతారు, ముందు గుండా వెళ్లాలి, కిటికీల్లోకి తొంగిచూడకూడదు, పొద్దున ఎవరు ముందు బయల్దేరతారో రాత్రే మాట్లాడుకోవాలి. మర్నాడు ఎలిజబెత్ సిటీ వస్తుంది. 1983లో ఫ్రెడ్ ఫియరింగ్, జో క్రేమర్ అనే ఇద్దరు పెద్దమనుషులు రేవుకొచ్చిన పడవల వాళ్లకు వైను, చీజు పెట్టి, పడవలోని ఆడవాళ్లకు తలా ఒక గులాబీ ఇచ్చారు. అది అలవాటై రోజ్ బడ్డీస్ అని పేరొచ్చింది, ఆ ఊరికి పడవలవాళ్ల ఆదరణ ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: జార్జియాలో రాత్రి లంగరు వేసి పడుకున్నాం, లేచేసరికి పడవ బురదలో ఒరిగి ఉంది. లంగరు జరగలేదు. మరెలా జరిగింది? (ఒక పాఠకుడు, అట్లాంటా)

జవాబు: పోటు మీద లంగరు వేసి ఉంటారు. జార్జియా తీరం లోపలికి వంగి ఉండటంతో పోటు నీళ్లు అక్కడ పోగవుతాయి, ఆటుకూ పోటుకూ మధ్య 7 నుంచి 9 అడుగుల తేడా ఉంటుంది. మీకు సాయంత్రం 12 అడుగులు కనిపిస్తే తెల్లవారేసరికి నాలుగే మిగలొచ్చు. తాడు మాత్రం పోటు లెక్కన వదలాలి. ఆటులో 8 అడుగులుండే చోట పోటులో 16, దానికి అణియం ఎత్తు 4 కలిపితే 20, అయిదింతలు వేసుకున్నా 100 అడుగుల తాడు కావాలి. హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్ లాంటి చోట్లు సగం పోటు ఎక్కాక, ఇంకా ఎక్కుతుండగా దాటండి. అప్పుడు తగులుకున్నా నీళ్లే ఎత్తుతాయి. తగులుకున్నప్పుడు గట్టిగా రేసు చేయకండి, ఇంజిన్ చల్లార్చే నీళ్లతో పాటు బురద లోపలికి పోతుంది. టో కంపెనీల్లో (చిక్కుకున్న పడవల్ని లాగే కంపెనీల్లో) ఏదో ఒకదానిలో సభ్యత్వం తీసుకోండి, అది లేకపోతే బిల్లు వందల డాలర్లు. తాడు అందుకునే ముందు ఇది టోనా, సాల్వేజా అని అడగండి, సాల్వేజ్ అయితే పడవ విలువలో వాటా అడుగుతారు.

ప్రశ్న: హెచ్1బీ మీద ఉన్నాను. పడవ కొనొచ్చా? ఖర్చెంత? (ఒక పాఠకుడు, టాంపా)

జవాబు: కొనొచ్చు, రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకోవచ్చు. కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ మాత్రం పౌరులకే. ఫ్లోరిడాలో 1988 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లు 10 హార్స్‌పవర్, ఆపై ఇంజిన్ నడపాలంటే బోటింగ్ సేఫ్టీ కోర్సు చేసి కార్డు దగ్గర పెట్టుకోవాలి. ఖర్చు వేగాన్ని బట్టి. ఒకటే డీజిల్ ఇంజిన్ ఉన్న ట్రాలర్ 7 నాట్లలో గంటకు రెండు మూడు గ్యాలన్లే తాగుతుంది, నార్‌ఫోక్ నుంచి మయామీకి 350 గ్యాలన్ల దగ్గర్లో. మెరీనాలో అడుగుకు రెండు మూడు డాలర్లు ఒక రాత్రికి, పేరున్న ఊళ్లలో ఇంకా ఎక్కువ. లంగరు వేసుకుంటే ఆ ఖర్చు ఉండదు.

ప్రశ్న: పడవలో మేమిద్దరమే. తోడు దొరుకుతుందా? ఎప్పుడు బయల్దేరాలి? (ఒక పాఠకురాలు, బాల్టిమోర్)

జవాబు: చాలా ఇన్సూరెన్స్ పాలసీలు నవంబర్ 1 దాకా పడవను ఉత్తరాన ఉంచమంటాయి, తుఫాన్ల భయంతో. అందుకని ఆ తేదీ రాగానే నార్‌ఫోక్ పరిసరాల్లో వేచి ఉన్న పడవలన్నీ ఒక్కసారి కదులుతాయి. తోడు వెతుక్కోనక్కర్లేదు, మీ వేగంతో వెళ్లేవాళ్లే రోజూ సాయంత్రం అదే చోట కనిపిస్తారు. ముందే మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి: ఏ ఛానెల్లో ఉంటారు, ఎంత దూరం ఎడం పాటిస్తారు, ఒకరు ఆగిపోతే రెండోవాళ్లు ఏం చేస్తారు. వాళ్లు బయల్దేరారు కదా అని గాలి చూసుకోకుండా ఆల్బెమార్ల్‌లోకి వెళ్లకండి, వాళ్ల పడవ మీదానికన్నా పెద్దది కావచ్చు. మీకు వద్దనిపిస్తే "మేం రేపు వస్తాం" అని చెప్పేయండి, ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు. ముందు రోజు రాత్రి గ్రేట్ బ్రిడ్జ్ దగ్గరి ఉచిత గట్టున కట్టండి. వంతెన గంట గంటకూ తెరుస్తారు, లాకు దానికి తగ్గట్టే నడుస్తుంది, పది నిమిషాల ముందే 13లో పిలవండి.